ఉప్పునేలలో తియ్యని నీళ్లు

పప్పు ఉడకలేదు.

ద్వాదశి ఘడియలు తొమ్మిదింటికల్లా వెళ్లిపోతాయని పంచాంగంలో ఉంది. ముందురోజు ఏకాదశి ఉపవాసం ఉన్నవాడు ఆ లోపల ఇంత వండుకొని, దేవుడికి చూపించి తినాలి. అందుకని డిటెక్టివ్ రామదాసు తెల్లవారకముందే స్నానం, జపం ముగించుకొని, రాయదుర్గం సత్రం వెనకాల పొయ్యి రాజేసి, గుప్పెడు కందిపప్పు ఎసట్లో వేశాడు. అప్పుడు ఆరు గంటలు. ఇప్పుడు ఏడున్నర దాటింది. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కి చూశాడు. గులకరాయి మాదిరి జారిపోయింది.

సత్రం చూసుకునే గంగక్క చీపురు పక్కన పెట్టి నవ్వింది.

"కట్టెలు దండగ సామీ. పొద్దు గుంకేదాకా మంట బెట్టినా ఆ బ్యాళ్లు ఉడకవు."

"పప్పు మంచిదే గంగక్కా. అనంతపురంనుంచి మా ఆవిడ కట్టి ఇచ్చింది."

"బ్యాళ్లలో తప్పేమీ లేదు. నీళ్లది తప్పు. ఈ ఊర్లో ఏ బావిలో తోడినా ఉప్పే. నేను పుట్టినప్పటినుంచీ అంతే. పెండ్లి జేసేవాళ్లు కణేకల్ చెరువుకు బండి గట్టి పీపాల్లో నీళ్లు తెచ్చుకుంటారు. ఆ నీళ్లకైతే అరగంటకు వెన్న అయితాది."

రామదాసు పొయ్యిలోని కట్టెలు వెనక్కు లాగాడు. తులసి దళం నోట్లో వేసుకొని, రెండు ఉద్ధరిణెల తీర్థం పుచ్చుకొని, పారణ అయిందనిపించాడు. నిజానికి ఆకలి అతనికి గుర్తులేదు. సత్రం అరుగుమీద స్తంభానికి ఆనుకొని కూర్చున్న మనిషి వైపే అతని చూపు పోతోంది.

ఆమె పేరు తిప్పమ్మ. మొగుడు పోయి నాలుగు దినాలు కాలేదు. పది దినాలు గడప దాటకూడని మనిషి, దశమినాడు సాయంత్రం మట్టి చేసిన కాళ్లతోనే బస్సెక్కి అనంతపురం వచ్చి, రామదాసు ఇంటి ముందర కూర్చుంది. ఎవరో చెప్పారట, పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆచూకీలు తీసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని. ఆమె ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఆయన తాగినాడా సామీ? అదొక్కటి నాకు చెప్పండి."

ఆయన అంటే నారాయణప్ప. బావులు తవ్వే మేస్త్రీ. ఆరేళ్ల కిందట కసాపురం ఆంజనేయస్వామి ఎదుట సారాయి ముట్టనని ప్రమాణం చేసి, మెడలో తులసిపూసలు వేసుకున్నాడు. గంగా గృహనిర్మాణ కంపెనీ అని ఒకటి ఊరి బయట పొలాలు కొని, అరవైనాలుగు ఇండ్ల స్థలాలుగా రాళ్లు పాతింది. వాటి మధ్య ఒక బావి తవ్వమని నారాయణప్పకు పని ఇచ్చింది. శ్రీరామనవమి నాడు ఉదయం తొమ్మిదింటికి ఇల్లు వదిలిన మనిషి, దశమి తెల్లవారి ఆ బావిలోనే శవమై తేలాడు. గట్టుమీద సారాయి సీసా దొరికింది. తాగి పడ్డాడని పోలీసులు తేల్చారు. మొక్కు తప్పినవాడికి భజన మందిరంలో దినకర్మ చేయనిచ్చేది లేదని ఊరి పెద్దలు చెప్పారు. స్వామే తోసినాడని కొందరన్నారు.

ఆ మాట విన్నప్పటినుంచీ రామదాసు మనసులో ఒక ముల్లు. మాట తప్పినవాణ్ణి దేవుడు బావిలోకి తోస్తాడా? అట్లా తోసేవాడయితే ఈ భూమ్మీద బావులు చాలవే!

"అమ్మా, ఇంకొక్కసారి చెప్పు. నవమి పొద్దున ఏమని పోయినాడు?"

తిప్పమ్మ తలెత్తలేదు. "పానకం చేసి పెట్టినా సామీ. తాగిపో అన్నా. వచ్చి తాగుతాలే, ముందు ఆ మేనేజరుకు చెప్పాల్సింది చెప్పేసి వస్తా అన్నాడు."

"ఏమి చెప్పాలని?"

"నాకు చెప్పలేదు. మూడు దినాలుగా అన్నం సరిగా తినలేదు. బావి సంగతి అడిగితే కసురుకున్నాడు."

"బావిలో నీళ్లు పడినట్లు నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆయన శవాన్ని తీసినప్పుడు." అప్పుడు తలెత్తింది. "పంతొమ్మిది బావులు తవ్వినాడు సామీ. ఏ బావిలో జల పడినా మొదటి కడవ ఇంటికి తెస్తాడు. దీపం ముట్టించి ఆ నీళ్లతో బెల్లం అన్నం వండి గంగమ్మకు పెడతాను. ఆ తరవాతే పనిచ్చినోళ్లకైనా నీళ్లు. పంతొమ్మిది కడవలూ వచ్చినాయి. ఇరవయ్యోది రాలేదు."

రామదాసు ఆ మాటను లోపల దాచుకొని కండువా భుజాన వేసుకున్నాడు.

*

గంగానగర్ అని పేరు పెట్టిన ఆ స్థలాల్లో మచ్చుకని ఒకే ఒక ఇల్లు కట్టారు. దాంట్లోనే కంపెనీ ఆఫీసు. గోడకు అరవైనాలుగు స్థలాల పటం, మధ్యలో నీలిరంగుతో గుండ్రంగా బావి. మేనేజరు దాసప్ప నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, బళ్లారి మాటతీరు. రామదాసును చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

"రండి సామీ. ఆ ముసలాయన విషయం మాకూ బాధే. కంపెనీ తరఫున ఖర్చులకు దుడ్లు కూడా పంపినాం, ఆ యమ్మ తీసుకోలేదు."

"మంచిది. నాలుగు మాటలు అడిగి పోతాను. జల ఎప్పుడు పడింది?"

"అష్టమి సాయంత్రం. నారాయణప్పే పరిగెత్తుకుంటా వచ్చి చెప్పినాడు."

"ఎన్ని అడుగులకు?"

"నలభై."

"నీళ్లెట్లా ఉన్నాయి?"

దాసప్ప మొహం విప్పారింది. ఇత్తడి చెంబు ముందుకు జరిపాడు. "తాగి చూడండి. కొబ్బరినీళ్లు! నిన్ననే పురోహితుణ్ణి పిలిపించి శుద్ధి కూడా చేయించినాం. స్థలాలు కొనేవాళ్లు వచ్చి కడవల్లో పట్టుకుపోతాండారు. రేపు గంగపూజ, ఎల్లుండి రిజిస్టరు."

"ఊరంతా ఉప్పు. మీ బావి ఒక్కటే తీపి."

"దేవుడి దయ సామీ."

"అవును, ఉండాలి. మొదటి కడవ ఎవరు తీసుకుపోయినారు?"

"ఏ కడవ?"

"జల పడినాక తోడిన మొదటి కడవ."

దాసప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. "ఇంకెవరు? ఆఫీసుకే తెచ్చినారు. కంపెనీ బావి గదా, కంపెనీకే వస్తాది."

రామదాసు తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి దాసప్ప తన జవాబు సరిపోయిందనుకున్నాడు.

"నవమి నాడు మీరెక్కడున్నారు?"

"రామదేవుని గుళ్లో. తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం పల్లకి దిగేదాకా. ఊరంతా చూసింది."

"తొమ్మిదిన్నర నుంచి?"

"ఆఁ."

"నిన్న సాయంత్రం పూజారి గారిని కలిసినాను. స్వామికి పట్టుబట్టలు ఈ ఏడు మీ కంపెనీ ఇస్తామంది. మీరు ఎంతకీ రాక కల్యాణం ఆపి కూర్చున్నారట. మీరు బట్టలు తెచ్చేసరికి పదకొండున్నర దాటిందని, ముహూర్తం మించిపోతాదని ఆయన మీమీద కోప్పడినాడట కూడా."

దాసప్ప చేతిలోని పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"గుళ్లో గడియారం ఉండదు సామీ. పూజారి పొద్దును చూసి చెప్తాడు."

"నిజమే. నవమి నాడు బావి దగ్గరకు మీరు పోయినారా?"

"అసలు పోలేదు."

"ఎవరైనా పోయినారా?"

"పండగ పూట ఎవరు పోతారు? మీరు ఎవరి తరఫున అడుగుతాండారో నాకు తెలీదు గానీ, ఎస్సై గారు అన్నీ రాసుకున్నారు. సాయంత్రం నాలుగింటికి కేసు మూసేస్తామన్నారు." కుర్చీ వెనక్కు తోసి లేచాడు. "నాకు బళ్లారిలో పని ఉంది. పదకొండింటికి పోవాల."

*

బావి పదిహేను అడుగుల చదరం. మోకాలెత్తు గట్టుకు కొత్తగా సున్నం కొట్టారు. గోడలోంచి పొడుచుకొచ్చిన బండల మెట్లు ఒక పక్కనుంచి దిగుతున్నాయి. అడుగున నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. తిప్పమ్మ కొంచెం ఎడంగా రాళ్లకుప్ప నీడలో, బావికి వీపు పెట్టి కూర్చుంది. ఆమె తమ్ముడు బయ్యన్న రామదాసు వెంట ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు, ఈ కంపెనీలోనే పని. శవాన్ని నీళ్లలో దిగి బయటికి తెచ్చింది అతనే. ఆనాటినుంచీ అక్క ఇంట్లోనే ఉంటూ, ఆమె తినకపోతే తానూ తినకుండా, పిలిస్తే తప్ప మాట్లాడకుండా తిరుగుతున్నాడు.

రామదాసు గట్టు చుట్టూ ఒకసారి నడిచాడు. రెండోసారి వంగి నడిచాడు. నాలుగు మూలలా నేలలో నాలుగు గుంతలు, మేకులు దిగ్గొట్టి పీకినట్లు. సున్నం మీద తాడు ఒరిపిడి. ఒక మూల సున్నానికి ఆకుపచ్చ గుడ్డపీచు అంటుకొని ఉంది. చేతిలోకి తీసుకొని వాసన చూశాడు. మైనం వాసన. లారీలమీద కప్పే టార్పాలు గుడ్డ.

"బయ్యన్నా, బావి మీద పందిరిగానీ గుడ్డగానీ కట్టినారా?"

బయ్యన్న బావి వైపు చూడకుండా అన్నాడు. "తెలీదు సారూ."

రామదాసు మెట్లు దిగాడు. నీటికి ఎగువన గోడ మీద జానెడున్నర మేర తడి మరక. నీళ్లు అంతదాకా ఉండి తగ్గిపోయాయి. బావిలో ఊట ఉంటే తోడినా మళ్లీ పైకి రావాలి. ఇది రాలేదు, ఇంకిపోతోంది. పొడుగాటి వెదురు ముంచి చూశాడు. లోతు తన గుండెల దాకా ఉంటుంది, అంతే.

జేబులోంచి డాక్టరు రిపోర్టు నకలు తీసి మరోసారి చదివాడు. ఊపిరితిత్తుల్లో నీళ్లు. రెండు మడమల ఎముకలూ విరిగినాయి. తలకు, పక్కటెముకలకు దెబ్బల్లేవు.

పైనుంచి జీపు ఆగిన చప్పుడు. ఆ వెంటనే ఒక గొంతు.

"ఏమప్పా రామదాసూ! అనంతపురంలో దొంగలు అయిపోయినారా, మా తాలూకాకు వచ్చినావు?"

ఎస్సై ఈరప్ప. ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషనులో కానిస్టేబుళ్లు. చూడని దాన్ని చూసినట్లు రాసి సంతకం పెట్టమంటే రామదాసు ఉద్యోగం వదిలాడు, ఈరప్ప సంతకం పెట్టాడు. ఇరవై ఏళ్ల కిందటి మాట.

రామదాసు పైకెక్కి చేతులు దులుపుకున్నాడు. "పిలిస్తే వచ్చినాను ఈరప్పా. బస్సులో వచ్చినా. నీ మాదిరి నాకు ఎవరూ కంపెనీ జీపు పంపలేదు."

"స్టేషను జీపు మరమ్మత్తులో ఉండాది. దానికి కూడా నువ్వు డైరీ రాస్తావా?" ఈరప్ప నవ్వి సిగరెట్టు ముట్టించాడు. "చూడు, తాగి పడినాడు. సీసా దొరికింది."

"ఈ జిల్లాలో మద్యనిషేధం ఉంది. సీసా యాడిదని నువ్వు ఎవర్ని అడిగినావు?"

"దొరికేది దొరుకుతాది. నీకు తెలీదా?"

"డాక్టరు కడుపులో సారాయి ఉందని రాయలేదే."

"లేదని కూడా రాయలేదు గదా! ఆ గడి ఖాళీగా వదిలినాడు."

"మడమలు ఎట్లా విరిగినాయి?"

"మెట్లకు తగిలి."

"మెట్లకు తగిలినవాడికి తల పగులుతాది, నడుము విరుగుతాది. నిలువునా పడి, కాళ్లు గట్టినేలకు తగిలితే మడమలు విరుగుతాయి. గుండెలోతు నీళ్లలో పడినవాడికి మడమలెందుకు విరుగుతాయప్పా? పడేటప్పుడు నీళ్లు లేవు."

"నీళ్లు లేకుండా మునిగి చచ్చినాడా? ఉపవాసాలుండి నీకు తల తిరుగుతాంది, ఇంటికి పోయి ఇంత తిను."

"తినడానికే కొంచెం వంట చేయాలి. అరగంట కూర్చో. నీకు అభ్యంతరమా?"

ఈరప్ప తన వెంట వచ్చిన కానిస్టేబులు వైపు తిరిగి కన్ను గీటాడు. "వంటవాడు కూడా అయినాడు మన రామదాసు. కానియ్యి, చూస్తాం."

గంగక్క సత్రం బావి నీళ్లు బిందెతో తెచ్చి అప్పటికే అక్కడ పెట్టి ఉంది. రామదాసు రెండు చోట్ల మూడేసి రాళ్లు పెట్టించాడు. ఒకే కొలత రెండు మట్టికుండలు. ఒకదాంట్లో సత్రం నీళ్లు, రెండోదాంట్లో అక్కడే తోడిన కంపెనీ బావి నీళ్లు. రెంటిలోనూ చెరి గుప్పెడు పప్పు. బయ్యన్న కట్టెలు విరిచి రెండు పొయ్యిల్లోనూ సమంగా పెట్టాడు. గడియారంలో పదీ నలభై.

ఈరప్ప గట్టుమీద కూర్చొని ఎండకు టోపీ కిందికి లాగుకున్నాడు. దూరంగా కంపెనీ ఇంటి ముందర ఒక కారు బయలుదేరి బళ్లారి దారి పట్టింది. రామదాసు దాన్ని చూశాడు. ఆపడానికి అతనికి ఏ అధికారమూ లేదు. ఉన్నవాడు సిగరెట్టు కాలుస్తున్నాడు.

పదకొండూ పదికి రామదాసు రెండు కుండల్లోంచీ చెరి ఒక గరిటె తీసి, రెండు ఆకుల్లో పోసి, ఈరప్ప ముందర పెట్టాడు. ఒక ఆకులో గింజలు విడివిడిగా దొర్లాయి. రెండో ఆకులో పప్పు ముద్దగా జారింది.

"ఇవి నీ ఊరి నీళ్లు. ఇవి ఈ బావి నీళ్లు. వేలితో నొక్కి చూడు."

ఈరప్ప నొక్కి చూశాడు. అతని తల్లి కూడా ఈ నేలమీదే వంట చేసి అలిసిన మనిషి. ఆ వేలికి తెలిసింది మొహంలో కనబడింది.

"ఈ నేలలోనుంచి వచ్చిన నీళ్లయితే పప్పు ఉడకదు," అన్నాడు రామదాసు మెల్లగా. "నేల నీళ్లు కావు, ఇవి కణేకల్ చెరువు నీళ్లు. తెచ్చి పోసినారు. ఉప్పునీళ్లే పోసింటే ఈ ఊర్లో ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కొనేవాళ్లు మురిసిపోవాలని తియ్యనివి పోసినారు. నలభై అడుగులు తవ్వినా జల పడలేదు, పడింటే మొదటి కడవ తిప్పమ్మ ఇంటికి పోయేది. ఆ సంగతి జనానికి చెప్తానని మేనేజరుతో అనింటాడు నారాయణప్ప. ఆయన్ను లోపలికి తోసి, ఈ మూలల్లో మేకులు దిగ్గొట్టి, బావి కనబడకుండా టార్పాలు కట్టినారు. వట్టి బావికి మూత ఎవరు వేస్తారు? అడుగున ఎవరూ చూడకూడనిది ఉంటేనే."

"అంటే చచ్చినవాడి మీద..."

"చచ్చినవాడి ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోవు ఈరప్పా."

కట్టె కింద పడిన చప్పుడయింది. బయ్యన్న. రెండు చేతులూ మట్టిలో ఆనించి, పొయ్యి ముందర మోకాళ్ల మీద కూలబడ్డాడు. పొగ మొహంమీదికి వస్తున్నా పక్కకు జరగలేదు.

"ఆరు లారీలు సారూ," అన్నాడు.

రామదాసు అతని పక్కన కూర్చున్నాడు. పోలీసు మాదిరి నిలబడి అడగాలనిపించలేదు. "నిదానంగా చెప్పు నాయనా."

"రెండు లారీలు, మూడేసి ట్రిప్పులు. డ్రైవర్లు బళ్లారోళ్లు. బావి దగ్గర పైపు పట్టుకునేది నా పని. కణేకల్ నీళ్లు పోస్తే నేల నానుతాది, ఊట దానంతట అదే మేలుకుంటాదని మేనేజరు చెప్పినాడు. నమ్మినా. నేను వచ్చేసరికి గుడ్డ కట్టి ఉండాది. దుమ్ము పడకుండా అన్నాడు. గుడ్డ కిందనుంచి పైపు దూర్చి విప్పినా."

"ఎన్ని గంటలకు?"

"పదకొండు. గుళ్లో డప్పులు కొడతాండారు. మేనేజరు నా పక్కనే ఉండాడు, పట్టుబట్టల తట్ట పెట్టుకొని." బయ్యన్న బావి వైపు చూశాడు. "నీళ్లు పడతానే లోపల ఏదో అరిచినట్లయింది సారూ. పైపు మూసినా. ఏమిటికి మూసినావన్నాడు. లోపల చప్పుడయితాంది అన్నా. కొత్త బావి, గాలి కొట్టుకుంటాది, విప్పు అన్నాడు. విప్పినా. నేనే విప్పినా."

గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గుడ్డ ఎత్తి చూసింటే సారూ... ఒక్క మూల ఎత్తింటే..."

"మరి పొద్దు గుంకినాక?"

"గుడ్డ మేనేజరే విప్పించుకుపోయినాడు. తెల్లారి నన్ను దిగమన్నారు. దిగినాక తెలిసింది. మా అక్కకు ఏమని చెప్పేది? మూడు దినాలుగా ఆ యమ్మ చేతి అన్నం..."

ఈరప్ప సిగరెట్టు కింద పారేసి బూటుతో నలిపాడు. కానిస్టేబుల్ను దూరంగా పొమ్మని సైగ చేశాడు. చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి రామదాసు చేతిలో పెట్టాడు. ఇందాకటి వెటకారం ఇప్పుడు గొంతులో లేదు.

"పొద్దున ఎనిమిదింటికి దాసప్ప రాసిచ్చినాడు. నువ్వు ఊర్లోకి వచ్చినావని తెలిసి. చదువు."

రామదాసు చదివాడు. నవమి నాడు బావా బావమరుదులిద్దరూ పని విషయంలో బావి దగ్గర కొట్లాడుకున్నారనీ, బయ్యన్న తన బావను తోసి, నేరం కప్పిపుచ్చుకోవడానికి కంపెనీకి తెలియకుండా లారీలు తెప్పించి నీళ్లు పోశాడనీ, తాను కళ్లారా చూశాననీ అందులో ఉంది. కింద ఇద్దరు లారీ డ్రైవర్ల సంతకాలు.

"ఇది ముందే నీ జేబులో ఉండి, తాగి పడినాడని నాతో వాదించినావా?"

"వాడుకోవద్దనే జేబులో పెట్టుకున్నా!" ఈరప్ప గొంతు తగ్గించాడు. "తాగి పడినాడని మూసేస్తే ఈ కాగితం అవసరం లేదని దాసప్పే చెప్పినాడు. నువ్వు తవ్వితే ఇది పైకి వస్తాది. వాళ్లు ముగ్గురు, వీడు ఒక్కడు. పైపు విప్పింది వీడని వీడే చెప్తాండాడు. దాసప్ప ఇప్పటికి బళ్లారి దారిలో మైసూరు రాష్ట్రం ఎల్ల దాటింటాడు. లారీలు ఆడివే, డ్రైవర్లు ఆడివాళ్లే. వీడికి ఉరి పడితే నువ్వు వచ్చి విప్పుతావా? నాలుగింటికి మూసేస్తా, రామదాసూ. పోయినవాడు ఎట్లాగూ పోయినాడు. ఉన్నవాణ్ణి ఉండనీ."

రామదాసు కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. ఇరవై ఏళ్ల కింద సంతకం పెట్టను అన్నప్పుడు పోయింది తన ఉద్యోగమే, మాట కూడా తనదే. ఇక్కడ పోయేది ఇంకొకరి తమ్ముడు. నిజం చెప్పమని శాస్త్రాలన్నీ చెబుతాయి. ఎవరి తల ఖర్చు పెట్టి చెప్పాలో ఏ శాస్త్రమూ చెప్పినట్లు అతనికి గుర్తులేదు.

"అడగాల్సింది నన్ను కాదు," అన్నాడు చివరికి.

తిప్పమ్మ అప్పటికే రాళ్లకుప్ప నీడలోంచి లేచి వస్తోంది. ఎంత విన్నదో తెలియదు. వచ్చి బావి గట్టు దగ్గర నిలబడింది.

"ఆయన తాగినాడా సామీ?"

"లేదు తల్లీ. తాగలేదు. ఆ సీసా ఎవరో తెచ్చి పెట్టింది. బావిలో నీళ్లు లేవని జనానికి చెప్తానన్నందుకు ఆయన ప్రాణం పోయింది. మొక్కు తప్పలేదు."

ఆమె కళ్లు మూసుకొని రెండు చేతులూ జోడించింది. ఇన్ని దినాల తరవాత ఆ మొహంలో మొదటిసారి కొంచెం రక్తం కనబడింది. ఆ తరవాత కళ్లు తెరిచి, మట్టిలో కూలబడి ఉన్న తమ్ముణ్ణి చూసింది.

రామదాసు మిగతాది దాచలేదు. లారీలు, గుడ్డ, పైపు, దాసప్ప కాగితం, ఈరప్ప అంటున్న మాట, అన్నీ ఉన్నవి ఉన్నట్లు చెప్పాడు. చెబుతున్నంతసేపూ బయ్యన్న తల ఎత్తలేదు.

తిప్పమ్మ తమ్ముడి ముందర కూర్చుంది. "బయ్యా, నా పక్క చూడరా. ఆ అరుపు ఎట్లుండె?"

"అక్కా..."

"గాలి మాదిరి ఉండెనా?"

ఈరప్ప అటు తిరిగి నిలబడ్డాడు. బయ్యన్న అబద్ధం చెప్పవచ్చు. చెబితే ఇక్కడున్న ఎవరూ కాదనరు. రామదాసు, అబద్ధాన్ని ఏనాడూ దగ్గరికి రానివ్వనివాడు, ఆ క్షణంలో బయ్యన్న అబద్ధం చెబితే బాగుండునని కోరుకున్నాడు.

"లేదక్కా," అన్నాడు బయ్యన్న. "పేరు పెట్టి పిలిచినాడు. బయ్యా అన్నాడు. డప్పుల్లో నాకే అట్ల వినబడిందనుకున్నా."

పొయ్యిల్లో నిప్పు బూడిద పడుతోంది. ఆమె తమ్ముడి తలమీద చెయ్యి పెట్టింది. తీసెయ్యలేదు.

"మా యమ్మ చచ్చేటప్పుడు వీడు ఇంతవాడు సామీ. నా వొడిలో వేసి పోయింది," అంది ఈరప్పతో. "వీడు పోతే నాకు ఈ భూమ్మీద ఎవరూ లేరు. అదీ తెలుసు. అయినా ఆయన్ను నేను తాగుబోతును చేయలేను. అరవైనాలుగు ఇండ్లోళ్లు నీళ్లు లేని ఈ నేలకు వచ్చి పడకూడదనే గదా ఆయన పోయినాడు. రాయండి. తాగలేదని ముందు రాయండి. ఆ తరవాత వీడు చెప్పింది చెప్పినట్లు, ఒక్క మాట తగ్గకుండా రాయండి. అరుపు విన్నాడని గూడా రాయండి."

"అమ్మా, రాస్తే మొదటి ముద్దాయి నీ తమ్ముడే అయితాడు."

"కానీండి."

ఈరప్ప రామదాసు వైపు చూశాడు. రామదాసు చూపు తిప్పుకోలేదు. ఎస్సై కాగితాల కట్ట మోకాలి మీద పెట్టుకొని, పెన్ను విదిలించి, రాయడం మొదలుపెట్టాడు. బయ్యన్న చెప్పుకుంటూ పోయాడు. చివరన ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి ఒత్తుతుంటే, తిప్పమ్మ అతని మణికట్టు కదలకుండా పట్టుకుంది.

దూరంగా ఉన్న కానిస్టేబులు దగ్గరికి వచ్చి బేడీలు బయటికి తీశాడు.